చెరువులో కాపురం

ఆ కాగితాల కట్ట ఇటు పట్రా అబ్బాయ్, మంటలో వెయ్యకు. భోగినాడు ఇంట్లో పాతవన్నీ తెచ్చి వెయ్యమన్నారు కదాని, నువ్వు నన్ను కూడా కుర్చీతో సహా మోసుకొచ్చేట్టున్నావు. ఆ విరిగిన పీట వెయ్యి, ఆ చాటా వెయ్యి. టైరు ముక్క మాత్రం వద్దు. ఊరంతా టైర్లు కాల్చి పొగపెడితే విమానాలు కూడా దిగలేక ఆకాశంలో గిరికీలు కొట్టిన భోగిలు చూశాం. మద్రాసులో చలేమిటి, చలిమంటేమిటి అని నవ్వుకోకు. ఏడాదికి ఒక్కరోజు వస్తుంది, అది కూడా పంచాంగం చెప్పింది కాబట్టి. ఆ ఒక్కరోజైనా మంటచుట్టూ కూర్చుని ముసలివాడి మాట వినాలి. అమ్మాయ్, నువ్వూ రా. ఆ ఫోను అరుగుమీద పెట్టు, పారిపోదు.

ఇదిగో, ఈ చీటీ చూడండి. 1951 జనవరి అద్దె రసీదు. పన్నెండు రూపాయలు. ఒక గది, దాని ముందు రెండు మంచాలు పట్టే వసారా, నాలుగు కాపురాలకి కలిపి ఒక బావి. ఇరవై రూపాయలు దాటిన రసీదుకే అణా స్టాంపు అంటించాలి ఆ రోజుల్లో. పన్నెండుకి అక్కర్లేదు. అందుకని మా ఇంటాయన ఎంతో ఉదారంగా, నెలనెలా అడక్కుండానే రసీదు రాసిచ్చేవాడు. మా నాయన దాన్ని అంతే భక్తితో మడిచి పెట్టెలో దాచేవాడు. ఊరి పేరు చదివావా? మాంబళం. వెస్టూ లేదు, ఈస్టూ లేదు. వట్టి మాంబళం. నేను చెప్పబోయేది ఆ ఊరి కథే.

మా నాయన నెల్లూరు పక్క పల్లెటూరివాడు. జార్జిటౌనులో ఒక అచ్చుకూటంలో కంపోజిటరు పని దొరికిందని 1949లో మమ్మల్ని రైలెక్కించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మనం ఉండబోయే ఊరి పేరేమిటి నాయనా అంటే మాంబళం అన్నాడు. అప్పటికే నాలుగు అరవం ముక్కలు విని ఉన్నవాణ్ణి కదా, మామిడిపళ్ళ ఊరన్నమాట అనుకున్నాను. సెంట్రలు నుంచి జట్కాలో వస్తున్నంతసేపూ తోటలకోసం వెతుకుతూనే ఉన్నాను. దిగాక చూస్తే బురద, తుంగ, నాలుగు కొబ్బరిచెట్లు, గేదెలు. మామిడిచెట్టు ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

మరి ఆ పేరెలా వచ్చిందంటావా? మామిడి అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ మారేడు వనం ఉండేదనీ, మహాబిల్వ అంబళం అన్నది నోళ్ళలో నలిగి మాంబళం అయిందనీ గుడివాళ్ళు చెప్తారు. నేను ఈ రెండు పక్షాల వాదనా డెబ్భై ఏళ్ళకు పైగా విన్నాను. ఏ పక్షంవాడూ ఇంకో పక్షంలోకి మారగా చూడలేదు.

పేరు సంగతి అలా ఉంచి, ఊరు ఎలా ఉండేదో చెప్తాను. చూడు, బొగ్గుతో గీస్తాను. ఇది తూర్పు, సముద్రం. ఇదిగో మౌంటురోడ్డు, కోట నుంచి సైదాపేట దాకా. దానికి పడమరగా, నుంగంబాక్కం నుంచి సైదాపేట వరకు ఒక చెరువు. పొడుగ్గా, వంపు తిరిగి, ఆరు కిలోమీటర్ల దాకా ఉండేది. దొరలు దాన్ని లాంగ్‌టాంక్ అన్నారు, అంటే పొడుగుచెరువు. పాపం వాళ్ళకి పేర్లు పెట్టడంలో పెద్ద ఊహ ఉండేది కాదు. మద్రాసుకి పడమటి పొలిమేర అదే. చెరువు దాటితే పట్నం అయిపోయినట్టే. చెరువుకి ఈవల, పడమటి ఒడ్డున ఉన్న పల్లె మాంబళం. అప్పట్లో అది చెంగల్పట్టు జిల్లా, సైదాపేట తాలూకా. చెంగల్పట్టుని అరవంలో ఏరిల జిల్లా అంటారు. ఏరి అంటే చెరువు. ఒక చెరువు నిండితే దాని అలుగు కిందిచెరువులోకి, అదీ నిండితే ఆ కిందిదానిలోకి, చివరికి అడయారు నదిలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి. మన గొలుసుకట్టు చెరువుల్లాంటివే. నేల అంత చదునుగా ఉన్న చోట, వానాకాలం రెండునెలల్లో కురిసే నీళ్ళని ఆపడానికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం అది.

ఆ 'ఏరి' అన్న మాటతో నేను పడ్డ పాట్లు చెప్పాలి. తెలుగులో 'ఏరీ?' అంటే ఎక్కడున్నారు అని కదా. మేం దిగిన ఏడాదే కార్తీకంలో వాన పట్టుకుంది. మూడోరోజు తెల్లవారుజామున మంచం మీదనుంచి కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్ళు. బియ్యం డబ్బా అటక మీద, అమ్మ మంచం మీద, నా చెప్పు ఒకటి వసారాలో తేలుతూ. పక్కవాటా మామి లాంతరు ఎత్తిపట్టి, 'ఏరి వందుడుచ్చి!' అని కేకేసింది. చెరువు వచ్చేసింది అని ఆవిడ గోల. నాకేమో ఆవిడ ఎవరికోసమో 'ఏరీ, ఏరీ' అని వెతుకుతున్నట్టు వినిపించింది. 'ఎవరు మామీ, ఎవరు రావాలి?' అని నేను. ఇంత గందరగోళంలోనూ మా నాయన మంచం మీద చతికిలబడి నవ్వాడు. తెల్లవారాక చూద్దునుగదా, వీథిలో గురకమీనులు ఈదుతున్నాయి. పిల్లలు తువ్వాళ్ళతో పడుతున్నారు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి 'ఇల్లు?' అని అడిగితే అరవవాడు 'ఇల్లై' అనడం, అంటే లేదు అనడం, ఇంకో పాటు. ఆ కథ మొదలెడితే పెద్దపండక్కి గాని తేలదు.

సరే, వచ్చింది ఏ చెరువు? అప్పటికి ఇక్కడ చెరువే లేదు కదా! అసలు సంగతి అక్కడుంది.

పట్నంలో జనం పెరిగారు. ఇళ్ళు చాల్లేదు. 1920లో మద్రాసుకి నగర నిర్మాణ చట్టం ఒకటి వచ్చింది. ఆ వెనకనే పెద్దలు పడమర కేసి చూశారు. నీళ్ళు నిండిన ఇంత జాగా వాళ్ళకి ఖాళీ జాగాలా కనిపించింది. 1923లో మాంబళం వైపు గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదిలేశారు. ఆరబెట్టి, మట్టిపోసి, బారుగా వీథులు వేసి, నడిమధ్యన ఒక పార్కు పెట్టి, ఒక నగరం కట్టేశారు. నుంగంబాక్కం కొసన ఎండిన జాగాలో 1925లో లయోలా కాలేజీ వెలిసింది. అక్కడి చెరువు పడకలోనే, చాలా ఏళ్ళ తర్వాత 1976లో, వళ్ళువర్ కోట్టం రథం నిలబెట్టారు. మా ఇంటాయన చిన్నప్పుడు ఆ గట్టు తెగడం చూశానని చెప్పేవాడు. చెరువులో ఇల్లు కట్టేవాడెవడురా, కొంగలా అని ఊళ్ళో ముసలాళ్ళు నవ్వేవాళ్ళట. ఆ నవ్విన ముసలాళ్ళ మనవలే తర్వాత అక్కడ గజం జాగా కొనలేక నోళ్ళు తెరిచారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. మాంబళం చెవి, టీనగరు కొమ్ము.

టీనగరు అంటే టీ అమ్మే నగరం అని మీ అత్త కూతురు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు అడిగింది. నవ్వకు, నువ్వు మాత్రం ఏం చెప్పగలవు? 'టీ' అంటే ఎవరు? చెప్పు చూద్దాం. తెలీదు కదూ. నీ స్కూలు బస్సు రోజూ ఆయన పేరు మీదనుంచే పోతుంది.

ఆయన పిట్టి త్యాగరాయ శెట్టి. తెలుగాయన. దేవాంగులు, మగ్గం పట్టిన ఇల్లు. 1852లో పుట్టాడు. చాకలిపేట వైపు సొంత నేతశాల పెట్టి, చేత్తో నాడె విసిరే రోజుల్లో తాడులాగితే పరిగెత్తే నాడె తెచ్చి నేయించాడు. 1916లో జస్టిస్ పార్టీ పెట్టిన ముగ్గురిలో ఒకడు. మిగతా ఇద్దరూ డాక్టర్లు, నాయరూ, నటేశ మొదలియారూ. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచాక లాటుగారు పిలిచి మంత్రివర్గం పెట్టమంటే, నాకు వద్దు అన్నాడు. అబ్బాయ్, ఈ వాక్యం ఇంకోసారి విను. ముఖ్యమంత్రి పదవి ఇస్తానంటే వద్దన్నాడు. ఇలాంటివి ఇప్పుడు భోగిమంట దగ్గర తప్ప వినబడవు. ఎప్పుడూ తెల్లబట్టలే కడతాడని అరవవాళ్ళు 'వెళ్ళుడై వేందర్' అన్నారు. తెల్లబట్టల రాజు. 1925లో పోయాడు. కొత్త నగరానికి ఆయన పేరు పెట్టారు. ఆయన పేరుని మనం ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించేశాం. నేత నేసినవాడు కాబట్టి పోగు పొదుపుగా వాడామని సర్దుకోవాలి.

నడిమధ్య పార్కు పానగల్ పార్కు. పానగల్ రాజా అంటే కాళహస్తి వాసి పానగంటి రామరాయణింగారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి. ఆయనా తెలుగువాడే. నాయరు పేర ఒక రోడ్డు, నటేశన్ పేర ఒక పార్కు. హబీబుల్లా, ఉస్మాను, బజుల్లా, గోపతి నారాయణస్వామి శెట్టి, తణికాచలం, ఒక్కొక్కరికీ ఒక్కో వీథి. ఆనాటి పార్టీ మహజరు మీద సంతకాలన్నీ కోసి తెచ్చి వీథి మొగల్లో పాతినట్టుంటుంది. పొరపాటున ఆటోవాణ్ణి 'హబీబుల్లా గారెవరు?' అని అడిగావనుకో, 'ఏ నెంబరు ఇల్లు సార్?' అంటాడు.

పాండీబజారు మాత్రం నాకు చిన్నప్పుడు పెద్ద మోసం చేసింది. పాండిచ్చేరి నుంచి దొంగతనంగా వచ్చిన ఫ్రెంచి సెంట్లు, సీసాలు అమ్ముతారు కాబట్టి ఆ పేరని బడిలో ఒక పెద్దకుర్రాడు చెప్పాడు. అణా తీసుకుని చూపిస్తానన్నాడు కూడా. ఇచ్చాను. తీసుకెళ్ళి దువ్వెనలు, రిబ్బన్లు, జాకెట్టుగుడ్డలు చూపించాడు. సౌందరపాండియన్ అనే జస్టిస్ నాయకుడి పేరు అలా ముడుచుకుపోయిందని నాకు మీసాలు వచ్చాక తెలిసింది. అప్పటికి ఆ అణా కూడా చెల్లకుండా పోయింది.

అణా అంటే గుర్తొచ్చింది. ఇడ్లీ అర్ధణా, కాఫీ అణా. మా నాయన జీతంరోజు మాత్రమే హోటల్‌కి తీసుకెళ్ళేవాడు, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచమనేవాడు. వాళ్ళు మొహం చిట్లించకుండా పంచి ఇచ్చేవాళ్ళు, పైగా మూడో గ్లాసులో నురగ వేసి నాకిచ్చేవాళ్ళు. 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చాయి. రూపాయికి నూరు. అణాకి ఆరు నయాపైసలని లెక్క. ఇప్పుడు మీ ఫోను లేకుండా చెప్పు, రూపాయికి పదహారణాలు, పదహారార్లు ఎంత? తొంభైఆరు. మరి మిగతా నాలుగు పైసలు ఎవడి జేబులోకి? ఆ ప్రశ్న మీద మాంబళంలో ప్రతి కొట్టు ముందూ ఏడాదిపాటు తగాదాలు జరిగాయి. మా అమ్మ ఒక్కో అణా సరుకు ఒక్కోసారి కొనడం మానేసి, నాలుగణాలకి ఒకేసారి కొని పాతిక పైసలు చేతిలో పెట్టేది. అలా కొంటే తనకి పైసా నష్టమని పచారీకొట్టు శెట్టి చూపించేదాకా గెలిచాననే అనుకుంది.

పాలవాడి సంగతి వినాలి. సీసా లేదు, ప్యాకెట్ లేదు. పాలవాడు ఆవునే గుమ్మంలోకి తోలుకొచ్చేవాడు. మన కళ్ళముందే పితకాలి, అదీ నమ్మకం. అమ్మ వాడి చెంబు బోర్లించి చూపించమనేది, నీళ్ళు ముందే పోసి తెచ్చాడేమోనని. వాడు విసురుగా బోర్లించి, దులిపి, 'పారమ్మా' అనేవాడు. అన్నిటికంటే నాకు నిద్రలో కూడా కనిపించేది వాడి చంకలోని దూడ. దూడ చచ్చిపోయిన ఆవు పాలు చేపదు కదా. అందుకని దూడ తోలులో వరిగడ్డి కూరి, నాలుగు పుల్లలు కాళ్ళుగా కుట్టి, చంకన పెట్టుకు తెచ్చేవాడు. ఆవు ముందు నిలబెట్టేవాడు. కళ్ళున్న చోట కుట్లు, చెవి ఒకటి ఊడి ఉండేది. ఆవు దాన్నే నాకుతూ పాలు ఇచ్చేది. ఒకరోజు వానలో ఆ దూడ తడిసి, ఎండకి ఆరేసిన చోట గడ్డి పైకి పొడుచుకొస్తే, ఆవు నాకడం మాని ఆ గడ్డి తినేసింది. పాలవాడు తలపట్టుకున్నాడు. నేను నవ్వాను, అమ్మ నన్ను ఒకటి వేసింది. ఎందుకు వేసిందో ఇప్పుడు తెలుసు.

ఏం, ఆవులిస్తున్నావు? ఎక్కడ వదిలాం? చెరువు దగ్గర. వస్తున్నా.

రైలుకట్ట ఊరిని రెండు చేసింది. 1931లో బీచ్ నుంచి తాంబరానికి కరెంటు రైళ్ళు తిరగడం మొదలైంది. మా నాయన మాంబళంలో ఎక్కి ఫోర్టు స్టేషన్లో దిగేవాడు. మైలాపూరు వాళ్ళకి ట్రాములుండేవి, 1953లో అవీ ఆగిపోయాయి. మాకు మాత్రం రైలే. కట్టకి తూర్పున టీనగరు, బంగళాలు, వెడల్పు రోడ్లు, దీపస్తంభాలు. పడమర వెస్ట్ మాంబళం, వాటాల ఇళ్ళు, తెరిచిన కాలువలు, దోమలు. ఎంత దోమలంటే, పట్నంలో బోదకాలు అనగానే మా ఊరిపేరే చెప్పేవాళ్ళు. మా పక్కింటి పిల్లకి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు పాట పాడించలేదు, ముందు చీర చీలమండ పైకి పట్టుకుని నడిచి చూపించమన్నారు. ఆ పిల్ల గట్టిది. 'మీ అబ్బాయి కూడా పంచె ఎత్తి చూపిస్తే నడుస్తాను' అంది. సంబంధం కుదరలేదు. పిల్ల తర్వాత స్కూల్లో టీచరైంది.

కానీ ఊరికో మంచి కూడా ఉండేది. మన కోదండరామస్వామి గుడిని దక్షిణ భద్రాచలం అంటారు, భద్రాచల రామదాసు వంశంవాడు కట్టాడని చెప్పుకుంటారు. తెలుగు కీర్తన వినాలంటే అక్కడికి. తెలుగు మాట వినాలంటే కట్ట దాటి పానగల్ పార్కుకి. అబ్బో, పార్కు! ఘంటసాల గారు అవకాశాల కోసం మద్రాసు వచ్చిన కొత్తలో రాత్రిళ్ళు ఆ పార్కులోనే పడుకునేవారు. తర్వాత ఆ పక్కనే ఉస్మాన్ రోడ్డులో ఇల్లు కొనుక్కున్నారు. మల్లాది రామకృష్ణశాస్త్రి గారు సాయంకాలాలు పార్కులో కొలువు తీరేవారు. చుట్టూ సినిమా కవులు, పత్రికలవాళ్ళు, ఏ పనీ లేనివాళ్ళు. నేను మూడో జాతి. వెళ్ళి వెనక నిలబడేవాణ్ణి. సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా ఆ తెలుగు చెవిలో పడితే చాలనిపించేది, గుళ్ళో మంత్రంలాగా.

బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావుగారి ఇల్లు. తిరుపతి వెంకన్నని చూసి, గుండు చేయించుకుని, బస్సుల్లో జనం తెల్లవారేసరికి ఆ గేటు ముందు దిగేవాళ్ళు. ఒక దేవుణ్ణి చూసొచ్చి ఇంకో దేవుణ్ణి చూసి పోదామని. గుండ్లన్నీ వరసగా మెరుస్తుంటే పాలబళ్ళవాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. అవతల కోడంబాక్కం. 1948లో వాహిని స్టూడియో, ఏవీఎం, ఆ తర్వాత నాగిరెడ్డిగారి విజయా, 1947లో పుట్టిన చందమామ, అన్నీ ఆ పక్కనే. ఆ దారికి అడ్డంగా రైల్వేగేటు. గేటు పడిందంటే ఎంతటి హీరో అయినా కారులో కూర్చుని రైలుకోసం చూడాల్సిందే. మాంబళం కుర్రాళ్ళకి అది ఖర్చులేని వినోదం. గేటు పడే వేళలు మాకు పాఠాలకంటే బాగా వచ్చు. ఒకసారి మా నాయన పనిమాని మరీ వచ్చి నిలబడ్డాడు, భానుమతిగారి కారు ఆగిందని. నన్నక్కడ చూసి, 'బడి ఎగ్గొట్టావట్రా?' అన్నాడు. నేను ఏమనలేదు. ఇద్దరం ఇంట్లో చెప్పలేదు. 1965లో వంతెన కట్టేశారు. సౌకర్యం వచ్చింది, వినోదం పోయింది.

వీటన్నిటి మధ్యలో ఒక మబ్బు కమ్మిన ఏడాది ఉంది. 1952 చివర. పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న పోయారు. మద్రాసు మనదే అని ఒక గోడ, కాదని పక్కగోడ. మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది. మద్రాసు ఇటే ఉండిపోయింది. తెలుగువాళ్ళు కొందరు సామాన్లు కట్టుకున్నారు. మా నాయన రెండురోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున పక్కవాటా మామి పుల్లట్టు పిండి గిన్నె నిండా తెచ్చి, 'మీరు వెళ్ళిపోతే బావి తాడు ఎవరు కొంటారు?' అంది. తాడుకి నాలుగు వాటాలవాళ్ళం వంతులవారీగా డబ్బు వేసుకునేవాళ్ళం. ఆ నెల వంతు మాది. మా నాయన నవ్వి తాడు కొనుక్కొచ్చాడు. మనం ఇక్కడ ఉండిపోవడానికి కారణం అడిగితే నేను ఆ తాడే చెప్తాను.

ఇక కొసకి వస్తున్నా, మంట కూడా కొసకొచ్చింది.

తెల్లదొరలు ఒకప్పుడు ఆ పొడుగుచెరువులో పడవ పందేలు ఆడేవాళ్ళు. నేను వచ్చేనాటికి అదే చోట బస్సులు తిరుగుతున్నాయి. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం నుంచి వదిలిన నీళ్ళతో అడయారు పొంగినప్పుడు, రోడ్ల మీద పడవలేసుకుని వచ్చి జనాన్ని దింపారు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్న సామెత నేను చదువుకున్నప్పుడు అలంకారం అనుకున్నాను. 2021 నవంబరులో మళ్ళీ టీనగరు వీథులు రోజుల తరబడి నీళ్ళలో నిలిచాయి. పాండీబజారుకి పేవ్‌మెంటు వేసి ముస్తాబు చేసి అప్పటికి రెండేళ్ళు. మాంబళం కాలువ నిండింది, మూసుకుంది, ఎదురుతన్నింది. టీవీలో ఒకాయన, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియడం లేదు అన్నాడు. నేను టీవీతో అన్నాను, నాయనా, ఎక్కణ్ణుంచీ రాలేదు, ఇంటికొచ్చాయి అని. మీ అమ్మమ్మ, టీవీతో మాట్లాడే రోగం పట్టిందని డాక్టరుకి ఫోను చెయ్యబోయింది.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు. త్యాగరాయ శెట్టి పేరు మనం మరిచిపోయాం, హబీబుల్లా ఎవరో మరిచిపోయాం, మద్రాసు చెన్నై అయింది. పల్లం మాత్రం పల్లంగానే ఉంది. దానికి ఏ కౌన్సిలూ పేరు మార్చలేదు. ఆ నీళ్ళ మీద కోపగించుకుని ఏం లాభం? చెరువు మీద అలిగి ఒకడు ఏదో మానేశాట్ట. ఏం మానేశాడో మీ అమ్మమ్మ లోపలికి వెళ్ళాక చెప్తాను.

వెస్ట్ మాంబళంలో ఇప్పటికీ లేక్‌వ్యూ రోడ్డు ఉంది కదా, నీ ట్యూషను ఆ వీథిలోనే. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం నిలబడి తూర్పుకేసి చూడు. ఎదురింటి బాల్కనీలో ఆరేసిన లుంగీ కనిపిస్తుంది, దానివెనక రైలుకట్ట, స్టేషను నుంచి బస్టాండుకి 2023లో కట్టిన ఆకాశవంతెన, దాని మీద సంచులతో పోయే జనం. లేక్‌వ్యూ అని పేరు పెట్టినవాడు అబద్ధం చెప్పలేదు. వాడికి నిజంగానే నీళ్ళు కనిపించేవి.

మీ నాన్న ఎక్కడో వేళచ్చేరి అవతల కింద అంతస్తు ఫ్లాటు చూసొచ్చాడట, తూర్పుముఖం, ఈశాన్యం బాగుంది, వాస్తు అద్భుతం అంటున్నాడు. నేను చెప్తే చాదస్తం అంటాడు, నువ్వు చెప్పు. వాస్తు తర్వాత, ముందు వాటం చూడమను. ఆ వీథిలో అందరికంటే ముసలివాడు ఎవడో కనుక్కుని, ఒక కాఫీ ఇప్పించి, వానొస్తే ఇక్కడ నీళ్ళు ఎటు పోతాయి తాతా అని అడగమను. కాఫీ ఇప్పుడు అణా కాదు, తెలుసు. అయినా ఫ్లాటు కంటే చవకే.

ఆ రసీదు ఇటివ్వు. ఆ చీపురు వెయ్యి మంటలో.